వదులు

ఫిబ్రవరి 19

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చాం. పదిహేడు రోజుల ఆసుపత్రి. కుడి పక్క పడిపోయింది. మాట లేదు. ఎడమ చేతి వేళ్ళు కాస్త ఆడుతున్నాయి. వినబడుతుందిట. అర్థమవుతుందా అని అడిగితే డాక్టరు కాగితాల్లోకి చూశాడు.

మేడ ఎక్కించడం మా వల్ల కాదు. షెడ్డుకి ఆనుకుని ఉన్న చిన్నగదిలో మంచం వేయించాను. స్పేరు పార్టుల అరలు చుట్టూ అలాగే ఉన్నాయి. కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. అవతల అన్నయ్య, వాడు వదిలేసినట్టే ఉన్నాడు. టాపెట్ మూత తీసి ఉంది. కార్బొరేటరు విప్పి ట్రేలో పెట్టి ఉంది. నానబోసిన పెట్రోలు ఎప్పుడో ఆవిరైపోయి అడుగున జిగురు మిగిలింది. వాడు పడిపోయింది ఆ ట్రే పక్కనే.

మొదటి మూడు నెలల్లో వచ్చిందే రాక, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దన్నారు. అంటే మే రెండు.

చెల్లి గుమ్మంలోనే ఆగి మాట్లాడింది.

"అక్కా, మా ఊళ్ళో ఇలాంటివాళ్ళని చూసే చోటుంది. పగలూ రాత్రీ మనిషి ఉంటుంది. నీకూ ఏభయ్యారు వచ్చాయి. వాణ్ణి ఎత్తి పక్క మార్చడం నీ నడుముకి అయ్యే పనేనా?"

"మే రెండు దాకా ఆగు."

"ఆగితే?"

"ఒక్క మాట వస్తే ఇక్కడే ఉంటాడు."

"రాకపోతే?"

"తీసుకెళ్ళు."

"మాట మీద ఉంటావా?"

"ఎప్పుడు తప్పాను?"

నవ్వింది. కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

ఫిబ్రవరి 20

ప్రార్థన. చెంచాతో ఆరు ముద్దలు. రెండు మింగాడు.

ఫిబ్రవరి 24

వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వస్తోంది. గలగలా మాట్లాడుతుంది, చేతులు మాత్రం నెమ్మది. మోకాలు మడిచి చాపుతూ అడిగింది.

"అమ్మగారూ, ఈయనకి బాగా ఇష్టమైన చప్పుడు ఏదైనా ఉందా? పాట, మనవల గొంతు, అలాంటిది. అది రోజూ ఒకే వేళకి వినిపిస్తే ఒక్కోసారి మాట కదులుతుంది."

"మనవలు లేరు. పెళ్ళీ లేదు. అన్నయ్య గొంతు ఉంది, ప్రస్తుతానికి మూగబోయాడు."

"అయ్యో, ఆయనక్కూడానా? ఎక్కడుంటారు అన్నయ్యగారు?"

కిటికీలోంచి చూపించాను. ఆ పిల్ల వంగి చూసి, నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడేమో అని చూశాను. లేదు.

నాన్న మోటారుసైకిలు ఈ ఇంటికొచ్చిన మూడు నెలలకి నేను పుట్టాను. అందుకని అది నాకు అన్నయ్య. నాన్న పెట్టిన వరస. ముగ్గురం అలాగే పిలిచాం.

చప్పుడు వినిపించమంది. సరే.

ఫిబ్రవరి 25

ఆసుపత్రి సంచి ఇన్నాళ్ళకి విప్పాను. వాడు పడిపోయినప్పటి చొక్కా ఉంది. నానబెట్టి ఉతికాను. జేబు చూసుకోలేదు. జాడిస్తుంటే కాగితం పిప్పి వచ్చింది.

అది నానమ్మ ప్రార్థన పుస్తకం చివరి పేజీ.

టాపెట్లకి, అంటే వాల్వుల మీద వదలాల్సిన సందు కొలవడానికి, నాన్న ఇనప గేజీ వాడలేదు. నానమ్మ పుస్తకం వెనక రాతలేని కాగితాలు ఉండేవి, పలచగా, సాఫీగా. అందులోంచి ఒకటి చింపుకునేవాడు. గాలి పీల్చే వాల్వుకి ఒక పొర. పొగ వదిలే వాల్వుకి మడిచి రెండు పొరలు. "దేవుడి కొలత, అబద్ధమాడదు" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు, బండి ఎక్కి చూశాక నవ్వేవాళ్ళు కాదు. తమ్ముడికీ అదే అబ్బింది. గేజీ అన్నది ఈ షెడ్డులోకి రానేలేదు. ఒక్కో కాగితం మాసి చిరిగేదాకా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఇదే ఆఖరిది.

ఇప్పుడది చేతిలో ముద్ద. ఆరబెడదామని చూశాను. విడిపోయింది.

ఫిబ్రవరి 27

కార్బొరేటరు కడిగాను. జిగురు వదలడానికి పొద్దంతా పట్టింది. స్లో జెట్టు, పెట్రోలు పోయే సన్నటి రంధ్రం, మూసుకుపోయింది. ఇనప తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుంది. అది నాకు తెలుసు. చిన్నప్పుడు నాన్న షెడ్డులోంచి కేకేసేవాడు, "పెద్దమ్మాయీ, ఒక వెంట్రుక అప్పివ్వు" అని. నా జడలోంచి ఒకటి పీకి జెట్టులోంచి లాగేవాడు.

ఇవాళ నేనే పీక్కున్నాను. తెల్లది. తెల్లవి పెళుసు, రెండు తెగాయి. మూడోది అటునుంచి ఇటు వచ్చింది. వెలుగుకి పట్టి చూస్తే సూదిమొనంత చుక్క కనబడింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి "వచ్చిందిరా" అన్నాను. వాడి కళ్ళు నా చేతి మీదికి వచ్చాయి.

ఈ చేతులు పదేళ్ళ వయసు నుంచి ఈ షెడ్డులో దీపం పట్టుకున్నాయి. స్పానరు ఎప్పుడూ పట్టలేదు. పట్టమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

మార్చి 1

ముందు టాపెట్లు, తర్వాత కార్బొరేటరు. నాన్న క్రమం అది.

ఇంజను చల్లగా ఉండాలి. నెల రోజులుగా చల్లగానే ఉంది. ప్లగ్గు తీశాను. టాప్ గేరులో వేసి వెనక చక్రం చేత్తో తిప్పుతూ, ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. గాలి వేలిని తోసింది. అల్లిక పుల్ల లోపలికి దించి, పిస్టను పైకి వచ్చి ఇంక కదలనన్నచోట చక్రం ఆపాను. రెండు వాల్వులూ మూసుకుని ఉండే చోటు అది.

కాగితం మాటేమిటి? నానమ్మ పుస్తకంలో ఇంక అచ్చు పేజీలే ఉన్నాయి. వాటిని చింపడానికి చెయ్యి రాలేదు. నా పుస్తకం ఉంది. కొత్త అచ్చు, చేతిలో పువ్వులా తేలిగ్గా ఉంటుంది. వెనక ఖాళీ కాగితం ఒకటుంది. క్షమించమని అడిగి చింపాను. ప్రార్థన పుస్తకం ప్రార్థన పుస్తకమే.

ఒక పొర ఒకదానికి, మడత పొర ఇంకోదానికి. స్క్రూని ఒక స్పానరుతో పట్టుకుని, దాన్ని కదలకుండా పట్టి ఉంచే చెక్ నట్టు ఇంకో స్పానరుతో బిగించాలి. బిగించేటప్పుడు స్క్రూ తిరిగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. తొమ్మిదిసార్లు చేశాను. పదోసారి కాగితం పట్టీపట్టనట్టు జారింది.

మూత బిగించాను. మోకాళ్ళు పట్టేశాయి. కింద కూర్చునే ప్రార్థన చేసుకున్నాను.

మార్చి 2

కార్బొరేటరు బిగించాను. గాలి స్క్రూ పూర్తిగా లోపలికి, అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి. పక్కనున్న గుండీ నొక్కితే పెట్రోలు చెమర్చింది. కిక్కు కొట్టాను. ఏడోదానికి దగ్గాడు. పన్నెండోదానికి నిలబడ్డాడు.

ఎంత మెత్తగా నడుస్తున్నాడో. తమ్ముడు చేసినప్పుడు కూడా టాపెట్లు టకటకమనేవి. ఇప్పుడా సద్దు లేదు. నాన్న అనేవాడు, టాపెట్ మోగకూడదని.

తమ్ముడి కళ్ళు వెడల్పయ్యాయి.

మార్చి 3

సాయంత్రం అయిదింటికి మళ్ళీ స్టార్ట్ చేశాను. ఇంజను నడుస్తుంటే వాడి చూపుడు వేలు మంచం పట్టీ మీద తట్టింది. రెండుసార్లు. ఆగింది. మళ్ళీ రెండుసార్లు.

తాళం వేస్తున్నాడు.

దేవుడు విన్నాడు.

మార్చి 4

చెల్లికి ఫోను చేశాను.

"తాళం మాట కాదక్కా."

"ఇవాళ తాళం. రేపు మాట."

"నీ గొంతు చాలా రోజులకి ఇలా విన్నాను" అంది.

మార్చి 9

రోజూ అయిదింటికి. వేలు రెండుసార్లు. తప్పడం లేదు.

పక్కింటి ట్యూషన్ మాస్టారు గోడ మీంచి తల పెట్టి, "ఏమండీ, మీ బండికి బుద్ధొచ్చిందే. మీ తమ్ముడుగారు నడిపితే మా పిల్లలు ఎక్కాలు కూడా దాని తాళానికే చెప్పేవాళ్ళు. ఏం చేశారు?" అన్నారు.

"ఏం లేదండీ. కొంచెం సర్దాను."

"ఆడవాళ్ళ చెయ్యి పడితే వేరు."

గర్వం మంచిది కాదు. అయినా ఆ మాట రోజంతా నాతోనే ఉంది.

మార్చి 15

కిక్కు ఇప్పుడు తేలిగ్గా దిగుతోంది. మొదట్లో ఒంటి బరువంతా వెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు చెప్పు కాలితో నొక్కితే చాలు. నా వయసు చూసి దేవుడే తేలిక చేశాడు.

వేడెక్కాక స్లో నిలబడటం లేదు, యాక్సిలరేటరు వదిలేస్తే ఆగిపోతున్నాడు. గాలి స్క్రూ పావు చుట్టు తిప్పాను.

మార్చి 17

ఇంకో పావు.

మార్చి 18

వెనక్కి అర. స్లో స్క్రూ ఒక చుట్టు లోపలికి. నిలబడ్డాడు. కార్బొరేటరు నుంచి ఒకసారి తుమ్మాడు. చలి చేసినట్టుంది అని తమ్ముడితో అన్నాను. వాడు నా వైపు చూడలేదు. అన్నయ్యనే చూస్తున్నాడు. వేలు రెండుసార్లు.

మార్చి 22

ఇంజను ఆపాక కూడా తడుతున్నాడు. ఇవాళ ముద్ద పెడుతుంటే నా మణికట్టు మీద తట్టాడు. రెండుసార్లు. "తాళం బాగా అలవాటైందిరా నీకు" అన్నాను. మళ్ళీ తట్టాడు. మళ్ళీ. వాడి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

సంతోషం ఎక్కువైతే అంతే.

వ్యాయామం అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. "అమ్మగారూ, ఈయన ఏదో చెబుతున్నట్టు లేదూ?"

"తాళమమ్మా."

"మీకే తెలుస్తుంది లెండి."

మార్చి 29

స్క్రూ ఎటు తిప్పినా వేడి మీద ఆగిపోతున్నాడు. చల్లగా ఉన్నప్పుడు ఒక నిమిషం, అంతే. సైలెన్సరులోంచి ఉండుండి ఫట్‌మంటోంది. పెట్రోలులో మడ్డి ఉందేమో. వడగట్టి పోశాను. జెట్టు మళ్ళీ తీసి వెంట్రుక లాగాను. ఏమీ అడ్డం లేదు.

నాన్న స్నేహితుడు లేతు మామయ్య ఉంటే చెప్పేవాడు. కంటి ఆపరేషనని కూతురింటికి వెళ్ళి రెండు నెలలైంది.

ఏప్రిల్ 3

అయిదింటికి కిక్కు కొట్టాను. కాలు కిందికి జారిపోయింది. లోపల ఏమీ లేనట్టు. ఇంకో ఇరవై కొట్టాను. తుమ్ము కూడా లేదు.

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. వేలు కదపలేదు.

ఏప్రిల్ 6

లేతు మామయ్య వచ్చాడు. డెబ్భై దాటాయి, నల్ల కళ్ళద్దాలు, నడకలో ఏ తేడా లేదు. వీధి చివర ఇనప సామాన్లు తిప్పి చెక్కే లేతు మిషను ఆయనది. తమ్ముడి దగ్గర కూర్చుని, పట్టీ మీదున్న చెయ్యి పట్టుకుని, "ఏరా, నేను లేకుండా పడుకుంటావా? ముందు చెప్పొద్దూ" అన్నాడు. తర్వాత షెడ్డులోకి వచ్చాడు.

కిక్కు ఒకసారి చేత్తో నొక్కి వదిలాడు.

"అమ్మాయ్, ఇందులో దమ్ము లేదు. ఎప్పట్నుంచి తేలిగ్గా దిగుతోంది?"

"మార్చి మధ్య నుంచి."

"నువ్వేమనుకున్నావు?"

కిక్కు మీది మసి కొంగుతో తుడిచాను.

"టాపెట్లు మోగేవా?"

"లేదు మామయ్యా. బొత్తిగా మోగలేదు. చాలా మెత్తగా నడిచాడు."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. ఇంజను హెడ్డు విప్పాడు. రెండు గంటలు. నేను దీపం పట్టుకున్నాను. పొగ వదిలే వాల్వు తీసి నా అరచేతిలో పెట్టాడు. అంచు ఒకచోట కొరికేసినట్టు పోయింది. నల్లగా, వంకరగా.

"ఇదిగో నీ మెత్తదనం. వేడికి వాల్వు కాడ సాగుతుంది. సాగడానికి కొంచెం జాగా ఉండాలి. లేకపోతే మూత పూర్తిగా పడదు. ఆ సందులోంచి మంట పోతూ పోతూ అంచు తినేస్తుంది. మోగే టాపెట్‌తో పదేళ్ళు తిరగొచ్చు. మోగనిదాన్ని చూసి భయపడాలి."

"నాన్న మోగకూడదనేవాడు కదా."

"సగం మాట పట్టుకున్నావు. మరీ మోగకూడదు, అసలు మోగకపోతే దగ్గరికి పోకూడదు. అదీ మీ నాన్న మాట. దేంతో కొలిచావు?"

నా పుస్తకం చూపించాను. ఆ కాగితం వేళ్ళ మధ్య రాసి, నానమ్మ పుస్తకం తెమ్మన్నాడు. చొక్కా జేబులోంచి కొలత పనిముట్టు తీసి ఒక్కోదానిలోంచి ఒక్కో పేజీ బిగించి చూశాడు. పనిముట్టు మీది గీతలు రెండుసార్లూ నాకు చూపించాడు.

"నీది ఇందులో సగం మందం. దేవుడొకడేనమ్మా, కాగితం మిల్లులు వేరు."

నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వడానికి అనలేదు.

మాటలో మాటగా తాళం సంగతి చెప్పాను. రెండుసార్లు తట్టడం. ఇంజను నడిచినప్పుడూ, ఆగాక కూడా. ఆయన చేతిలో స్పానరు కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచి. రోజూ."

"అమ్మాయ్, అది తాళం కాదు. ఇంజను నడుస్తుంటే షెడ్డులో మాట వినబడదుగా. మీ నాన్న ట్యాంకు మీద వేలితో చెప్పేవాడు. ఒకసారి తడితే చాలు అని. రెండుసార్లు తడితే వదులు అని. వాడు నెల రోజుల బట్టి నీకు చెబుతున్నది అదే. వదులు చెయ్యమని."

నాకా సంగతి తెలియదు. అది స్పానరు పట్టినవాళ్ళ భాష. దీపం పట్టినదానికి ఎవరు చెబుతారు.

ఏప్రిల్ 7

నిన్న తెలియదని రాశాను. పొద్దున్న ప్రార్థనలో కూర్చుంటే ఆ వాక్యం అడ్డొచ్చింది.

తెలుసు. దీపం పట్టుకుని ట్యాంకుకి జానెడు దూరంలో నిలబడ్డదాన్ని నేనే. నాన్న వేలు రెండుసార్లు పడగానే తమ్ముడి స్పానరు వెనక్కి తిరిగేది. ఎన్ని వందలసార్లు చూశానో. మార్చి మూడునే మనసుకి తట్టింది. కాదు, తాళమే అనుకున్నాను. బండి మెత్తగా నడుస్తోంది, నా చేత్తో చేసింది, మాస్టారు మెచ్చుకున్నారు.

వాడికి మాట రావాలని రోజూ అడిగాను. వచ్చాక వినలేదు.

ఏప్రిల్ 8

మామయ్య వాల్వు కోసం తిరుగుతున్నాడు. ఈ బండికి కొత్తవి దొరకవు. పాతది ఏదైనా దొరికితే లేతు మీద తిప్పి సరిచేస్తానన్నాడు.

తమ్ముడి పక్కన కూర్చుని చెప్పాను. "వాల్వు కాలిపోయిందిరా. నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే వినలేదు." నన్ను చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

అడుగుదామనుకున్నది ఇంకొకటి ఉంది. ఇంజను ఆగాక తట్టిందీ టాపెట్ల గురించేనా అని. ముద్ద పెడుతుంటే నా మణికట్టు మీద తట్టిందీ? అక్కడ ఏ నట్టు ఉందని?

అడగలేదు. రేపు అడుగుతాను. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు అని చెబుతాను.

ఏప్రిల్ 9

తెల్లవారి చూస్తే మూతి వంకర తిరిగి ఉంది. ఆసుపత్రి.

ఏప్రిల్ 10

రెండో దెబ్బ అన్నారు.

ఏప్రిల్ 16

ఇంటికి తెచ్చాం. ఎడమ చెయ్యి పడిపోయింది. కళ్ళు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. దేని మీదా నిలబడవు. గొట్టంతో ఆహారం.

వ్యాయామం అమ్మాయి వేళ్ళు ఒక్కొక్కటే వంచి చాపింది. చూపుడు వేలు దగ్గరికొచ్చేసరికి తలొంచుకుంది. "ఒక్కోసారి వేళ్ళు వాటంతటవే ఉలిక్కిపడతాయి అమ్మగారూ. దానికి అర్థం ఉండదు. మీరు పొరబడతారని ముందే చెబుతున్నాను."

"మంచిదమ్మా."

ఏప్రిల్ 19

ప్రార్థన. ఏం అడగాలో తెలియక కూర్చున్నాను.

ఏప్రిల్ 24

మామయ్యకి పాత సామాన్ల కొట్టులో వాల్వు దొరికింది, వేరే ఇంజనుది. కాడ పొడుగు. రెండు రోజులు లేతు మీద కూర్చుని తీర్చాడు. వాల్వు కూర్చునే సీటుకి రాపిడి ముద్ద పూసి, అరచేతుల మధ్య పుల్ల తిప్పినట్టు వాల్వు తిప్పుతూ, "మీ నాన్న ఉంటే నన్ను ఈ పాటికి నాలుగు తిట్టేవాడు, ఇంత ఆలస్యమా అని" అన్నాడు.

"తొందరేం లేదు మామయ్యా."

తల ఎత్తలేదు. తిప్పుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ 28

టాపెట్లు పెట్టాను. మామయ్య గేజీ ఇస్తానన్నాడు. వద్దన్నాను.

నానమ్మ పుస్తకంలోంచి చింపాను. విషయసూచిక కాగితం. రోగుల కోసం చేసే ప్రార్థన నూట పన్నెండో పేజీలో ఉందని ఆ కాగితం మీదే ఉంది. ఒక పొర. రెండు పొరలు. ఈసారి మూడోసారికే కుదిరింది. చెయ్యి నేర్చుకుంది, ఇప్పుడు.

కిక్కుకి ఒంటి బరువంతా పట్టింది. అయిదోదానికి లేచాడు. టక టక టక టక. గాలి స్క్రూ ఒకటిన్నర. వేడెక్కాక కూడా స్లో నిలబడింది. స్క్రూ ముట్టుకోవలసిన పని రాలేదు.

కిటికీ రెండు రెక్కలూ తీసి పెట్టాను. గంటసేపు. పట్టీ మీద వాడి చెయ్యి నేను పెట్టినచోటే ఉంది.

గోడ మీంచి మాస్టారు, "మళ్ళీ మొదలైందేమండీ? బుద్ధొచ్చిందనుకున్నానే" అన్నారు.

"అదే దాని బుద్ధి మాస్టారూ. ఉండనివ్వండి."

నా మొహం ఎలా ఉందో, ఆయన దిగిపోయారు.

ఏప్రిల్ 29

అయిదింటికి. ఏమీ లేదు.

ఏప్రిల్ 30

ఏమీ లేదు.

మే 1

ఏమీ లేదు. వాడి బట్టలు సర్దాను. ఈసారి జేబులన్నీ చూశాను.

మే 2

చెల్లి వ్యాను తీసుకుని పదింటికి వచ్చింది. ఇద్దరు మనుషులు, స్ట్రెచరు. వాళ్ళని బయట ఆగమని లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు వాడి పాదం నిమిరింది.

"అక్కా, నేను పంతానికి రాలేదు."

"తెలుసు."

"ఒక్క మాట వచ్చినా ఉంచుకుంటానన్నావు. నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. వచ్చిందా?"

లేదంటే అయిపోయేది. కానీ లేదనడం అబద్ధం.

"వచ్చింది."

దాని మొహం ఎలా మారిందో రాయలేను. చిన్నప్పుడు గాలిపటం లేచినప్పుడు అలా ఉండేది.

"ఎప్పుడు? నాకు చెప్పనేలేదే? ఏమన్నాడు?"

దాని చెయ్యి తీసుకుని మణికట్టు మీద వేలితో తట్టాను. రెండుసార్లు. అది కూడా ఆ షెడ్డులో పెరిగిన పిల్లే. చెప్పనక్కర్లేకపోయింది.

"వదులు" అంది, మెల్లగా.

"నెల రోజులు చెప్పాడు. రోజూ."

"టాపెట్లనేమో అక్కా."

"అయుండొచ్చు."

"మరి నువ్వు..."

"తెలుసుకుందామనుకున్న రోజున రెండో దెబ్బ వచ్చింది. ఇంక తెలియదు."

బయట డ్రైవరు హారను కొట్టాడు, ఒకసారి, మర్యాదగా. చెల్లి నా మొహం చూస్తోంది. మాట వచ్చింది కాబట్టి వాడు నా దగ్గరే ఉండాలి. ఒప్పందం అదే. చెల్లి వాడి పెట్టెలు వ్యానులోకి ఎక్కించనే లేదు.

"తీసుకెళ్ళు" అన్నాను.

స్ట్రెచరు షెడ్డులోంచే పోవాలి. ఇరుకు. అన్నయ్యని గోడకి ఆనించి దారి ఇచ్చాను. వాడి చెయ్యి జారి ట్యాంకుకి తగిలింది. చెయ్యి తగలడం, అంతే. తీసి దుప్పటి లోపల పెట్టాను.

వ్యానులో కాసేపు ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత వదిలాను.

మే 3

మంచం తీయించలేదు.

మే 5

చెల్లి సాయంత్రం అయిదింటికి ఫోను వాడి చెవి దగ్గర పెడుతుంది. నేను స్టార్ట్ చేస్తాను. పది నిమిషాలు. ఆపాక అడుగుతాను.

"ఏమైనా?"

"ఏం లేదక్కా."

మే 6

ఏం లేదంది.

మే 8

ఏం లేదంది. లేతు మామయ్య వచ్చి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, కొన ఇంజనుకి పెట్టి విన్నాడు. "వాడు పెట్టినట్టే ఉంది" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నాకు కావలసినప్పుడు రాలేదు, ఇప్పుడెందుకో.

మే 11

ఏం లేదంది.

మే 14

"అక్కా, నిద్రపోతున్నాడు. అయినా పెట్టాను."

మే 17

స్టార్ట్ చేశాను. ఒక్క కిక్కుకి. టాపెట్లు మోగాయి, సరిగ్గా మోగవలసినంత. ఫోనులో చెల్లి ఊపిరి, దాని వెనక ఎవరివో అడుగులు, బల్లేదో జరుపుతున్న చప్పుడు.

ఏమైనా అని ఇవాళ అడగలేదు. అదీ చెప్పలేదు.

ఇంజను ఆపకముందే ట్యాంకు మీద వేలితో తట్టాను. ఒకసారి.

ట్యాంకు కింది పెట్రోలు కాక్ మూశాను.